కుడి పక్కది పలకదు

పిల్లలూ! పోయిన నెల గొడుగులను గురించి రాసినది చదివి, కమ్మీలు గట్టివో కావో చూద్దామని ఇంట్లో ఉన్న గొడుగులు విరగదీశామని ముగ్గురు నలుగురు ఉత్తరాలు రాశారు. వారి తల్లిదండ్రులకు నా క్షమాపణలు. ఈ నెల మనం పరీక్షించబోయే వస్తువు గొడుగు కంటె చాలా సున్నితమైనది. అందుచేత చివరిదాకా చదివిన తరవాతనే దాని మీద చెయ్యి వెయ్యండి.

మొన్న వేసవి సెలవులలో ఒకనాటి సాయంత్రం నేను అరుగు మీద కూర్చుని ఉండగా, మా వీధి చివరి ఇంటి కుర్రవాడు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. వాడు ఏడో తరగతి చదువుతున్నాడు. వాడి చేతిలో మూడు జతల ఇయర్‌ఫోన్లు ఒకదానితో ఒకటి చిక్కులు పడి, గుత్తిగా పట్టుకున్న పీతల లాగా వేళ్ళాడుతున్నాయి. తమాషా చూద్దామని మా మనవరాలు కూడా వాడి వెనకాలే వచ్చింది.

"మాష్టారూ, మీరు నాకు న్యాయం చెప్పాలి," అన్నాడు వాడు.

"ఎవరి మీదరా నీ ఫిర్యాదు?" అని అడిగాను.

"బజారులో ఫోన్ల కొట్టాయన మీద. ఏడాదిలో ఆయన దగ్గర మూడు జతలు కొన్నాం. మూడింటికీ కుడి పక్కది పలకదు. మార్చి ఇమ్మంటే మార్చనంటున్నాడు. ఆయన మీ దగ్గరే చదువుకున్నాడట. మీరు చెబితే వింటాడు," అన్నాడు.

వాడి తండ్రి మాత్రం కొట్టాయనను ఏమీ అనలేదు. "నీ చెయ్యి మంచిది కాదు, ఏది పట్టుకున్నా పాడు చేస్తావు, ఇక నాలుగో జత కొనేది లేదు," అని కొడుకునే కోప్పడ్డాడు. వాళ్ళది ఒక గదీ వంటిల్లూ ఉన్న ఇల్లు. వాడి నాయనమ్మకు ఒంట్లో బాగుండక పెందలాడే పడుకుంటుంది. రాత్రిపూట తండ్రి ఫోను ఖాళీ అయిన తరవాత వాడు అందులో లెక్కల పాఠాలు వింటాడు. ఇయర్‌ఫోన్లు లేకపోతే ఆ పాఠాలు లేవు. అందుకే వాడి గొంతు వణుకుతున్నది.

"సరే, వాది చెప్పినది విన్నాం. ఇక ప్రతివాదులను విచారించాలి గదా! ఆ మూడింటినీ ఇలా బల్ల మీద పెట్టు," అన్నాను.

ఒకటి 99 రూపాయలది. రెండోది 250. మూడోది 450. మూడింటి అట్టపెట్టెలనూ కుర్రవాడు భద్రంగా దాచుకున్నాడు. మూడు పెట్టెల మీదా ఒకే సంగతి అచ్చువేసి ఉన్నది: 20 నుంచి 20,000 హెర్ట్‌జ్ వరకు పలుకుతాయట. మనిషి చెవి మహా అయితే వినగలిగినది అంతే. నేను చూసిన పెట్టెలలో ఈ అంకెలు లేనిది దాదాపు లేదు. అయితే ఆ ధ్వనులన్నీ సమానంగా పలుకుతాయా, లేక కొన్ని అరుస్తూ కొన్ని గొణుగుతూ ఉంటాయా అన్నది అందులో ఉండదు. "మా అబ్బాయి అన్ని పరీక్షలకూ హాజరయ్యాడు" అని చెప్పి, మార్కులు చెప్పకుండా ఊరుకున్నట్టు ఉంటుంది ఆ లెక్క.

"తాతయ్యా, దీని లోపల ఏముంటుంది?" అని మనవరాలు ఒక బుడిపెను పట్టుకుని అడిగింది. నేను గుండుసూది ఒకటి తెచ్చి ఆ బుడిపెకు తాకించాను. సూది దానికి అంటుకుపోయింది. లోపల చిన్న అయస్కాంతం ఉన్నదన్నమాట. ఆ అయస్కాంతం పక్కనే వెంట్రుక వంటి సన్నని తీగ చుట్ట ఉంటుంది. చుట్టకు పలచని పొర ఒకటి అంటించి ఉంటుంది. ఫోను నుంచి విద్యుత్తు వచ్చినప్పుడు ఆ చుట్ట కూడా ఒక అయస్కాంతం లాగా ప్రవర్తించి ముందుకూ వెనక్కూ కదులుతుంది. దానితోబాటు పొరా కదిలి గాలిని కొడుతుంది. సెకనుకు 100 సార్లు కదిలితే బొంగురు ధ్వని. 5,000 సార్లు కదిలితే ఈల కంటె సన్నని ధ్వని. 99 రూపాయల దానిలోనూ, దానికి పది రెట్లు ఖరీదు చేసే చాలా వాటిలోనూ ఉండే యంత్రం ఇదే. తేడా అంతా పొర ఎంత చక్కగా చేశారు, తీగ ఎంత గట్టిది, చెవిలో ఎలా కూర్చుంటుంది అనే వాటిలో ఉంటుంది.

వెనక 1910లో అమెరికాలో యూటా రాష్ట్రంలో ఉండే నతానియేల్ బాల్డ్విన్ అనే ఆయన, రెండు చెవులకూ తగిలించుకునే ఫోన్లు తన వంటింట్లో కూర్చుని తయారు చేసి, అమెరికా నౌకాదళం వారికి పంపాడు. వంటింటి సరుకు గదా అని వారు పారవెయ్యలేదు. పరీక్షించి చూశారు. తాము వాడుతున్న వాటి కంటె ఇవే బాగా వినిపించడంతో ఇంకా పంపమని రాశారు. కనుక మనం కూడా పెట్టెనూ, ఖరీదునూ అవతల పెట్టి చెవితోనే తీర్పు చెప్పాలి.

మొదట 99 రూపాయల జతను విచారించాం. దాన్ని ఫోనుకు తగిలించి, పాట పెట్టి, కుర్రవాణ్ణి వినమన్నాను. నేను వైరును పిన్ను దగ్గర పట్టుకుని మెల్లిగా అటూ ఇటూ వంచాను. "ఆఁ! వచ్చింది... పోయింది... మళ్ళీ వచ్చింది, గరగరమంటున్నది!" అని వాడు ఎగిరి గంతేశాడు. మనవరాలు విన్నా అంతే. దీని నేరం రుజువైంది. వైరులో రాగి పోగులు తెగిపోయాయి.

చౌక ఇయర్‌ఫోన్లు ఎక్కువగా చచ్చేది ఇక్కడే. ఒక ఇనప తీగను తీసుకుని ఒకే చోట పదిసార్లు అటూ ఇటూ వంచి చూడండి, పుటుక్కున విరుగుతుంది. వైరులోని రాగి పోగులు వెంట్రుక కంటె సన్నంగా ఉంటాయి. రోజూ ఒకే చోట వంగితే ఒకటొకటిగా తెగుతాయి. వైరు పిన్నులోకి పోయే చోట, రెండు పాయలుగా చీలే చోట, బుడిపెలోకి దూరే చోట, ఈ మూడు మెడల దగ్గరా చూడండి. అక్కడ మెత్తని రబ్బరు గొట్టం వంటి తొడుగు ఉంటే మంచిది. వంపు ఒక్క చోటే పడకుండా కాస్త దూరం పరుచుకుంటుంది. కొన్నిటికి తొడుగు ఉంటుందిగాని రాయి లాగా గట్టిగా ఉంటుంది. అది ఉన్నా లేనట్టే. వంపు తొడుగు అంచు దగ్గర పడి అక్కడే తెగుతుంది. కొట్టులో వేలితో వంచి చూస్తే తెలిసిపోతుంది, కొట్టాయన ఏమీ అనుకోడు.

"దీన్ని నువ్వు ఎలా చుట్టి పెడతావు?" అని అడిగాను. వాడు ఫోనుకు బిగించి గిరగిరా చుట్టి చూపించాడు. ప్రతి చుట్టుకూ నాలుగు మూలల దగ్గర వైరు మడత పడుతున్నది. పైగా పిన్నును ఫోనులోనే ఉంచి చుడుతున్నాడు! అరచేయి అంత వెడల్పున వదులుగా చుట్ట చుట్టి, చిన్న డబ్బాలో పెట్టుకోవాలి. తీసేటప్పుడు వైరు పట్టి లాగకుండా పిన్ను పట్టుకుని తియ్యాలి. బావిలో చేద తాడు పట్టి లాగినట్టు లాగితే ఏ తీగ నిలుస్తుంది?

ఇక రెండో జత. దీని వైరు ఎంత వంచినా గరగర లేదు. కుర్రవాడు మాత్రం "కుడి పక్కది మెల్లిగా వినిపిస్తున్నది, గోడ అవతలి నుంచి పాడుతున్నట్టున్నది," అన్నాడు. ఫోనులోనే లోపమున్నదేమో అని నా ఫోనుకు తగిలించి చూశాం. అక్కడా అంతే. (ఫోను రంధ్రంలో జేబు దుమ్ము పేరుకుని పిన్ను పూర్తిగా దిగకపోవడం కూడా కద్దు.) ఒకసారికి ఒకే వస్తువును మార్చి చూడాలి సుమా! ఫోనూ, ఇయర్‌ఫోనూ రెండూ కలిపి మార్చేస్తే తప్పు ఎవరిదో ఎన్నటికీ తేలదు.

తరవాత రబ్బరు తొడుగులు ఊడదీసి చూశాం. కుడి బుడిపె మూతి మీద ఉన్న సన్నని జల్లెడ మీద చెవి గులిమి పట్టి ఉన్నది. మెత్తటి పాత పళ్ళ బ్రష్షుతో, జల్లెడను కిందికి ఉంచి, పొడిగా తుడిచాను. సూదితో పొడిస్తే జల్లెడ చిరిగి గులిమి పొర మీద పడుతుంది. తొడుగులను మాత్రం సబ్బు నీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరిన తరవాతే ఎక్కించాలి. "ఇప్పుడో?" అన్నాను. "కాస్త నయం. అయినా ఎడమ దానంత లేదు," అన్నాడు వాడు.

అప్పుడు కొలత సంగతి పట్టుకున్నాం. సాధారణంగా ఈ జతలతో చిన్నవి, మధ్యవి, పెద్దవి అని మూడు సైజుల రబ్బరు తొడుగులు ఇస్తారు. నూటికి తొంభైమంది పెట్టెలోంచి తీసినప్పుడు ఏవి ఉంటే వాటినే ఉంచుకుని, మిగిలిన వాటిని పారేస్తారు. కాలికి చెప్పు చూసుకుంటారుగాని చెవికి చూసుకోరు! తొడుగు చెవి రంధ్రాన్ని చుట్టూ సందు లేకుండా మూసినప్పుడే లావు ధ్వనులు వినిపిస్తాయి. ఎందుకో తెలుసుకోవాలంటే సైకిలు పంపు తీసుకోండి. దాని మూతికి వేలు అడ్డంపెట్టి, కాస్త సందు వదలండి. పంపును నెమ్మదిగా నొక్కితే గాలి ఆ సందు గుండా తీరిగ్గా పోతుంది, వేలికి ఏమీ తెలియదు. ఒక్కసారిగా నొక్కితే గాలికి పోయే వ్యవధి ఉండదు, వేలిని తంతుంది. చెవిలోనూ అంతే. మృదంగం ఎడమ మూత వంటి లావు ధ్వని నెమ్మదిగా ఊగేది. సందు ఉంటే అది జారిపోతుంది. సన్నని ధ్వనులు వేగంగా ఊగేవి గనక మిగిలిపోతాయి. అప్పుడు పాట అంతా రేకు డబ్బాలో పాడినట్టు ఉంటుంది. మనం "చౌక సరుకు, బేసు లేదు" అని తయారు చేసిన వాణ్ణి తిడతాం.

సందు ఉన్నదీ లేనిదీ తెలుసుకోవడానికి పాట కూడా అక్కరలేదు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నోరు మూసి "మ్‌ మ్‌ మ్‌" అనండి. మీ గొంతు తలలోపల, బిందెలో మాట్లాడినట్టు మోగితే సరిగ్గా కూర్చున్నట్టు. ఒక పక్క మోగి, ఇంకో పక్క మోగకపోతే ఆ రెండో పక్కకు వేరే సైజు తొడుగు వేసి చూడండి. రెండు చెవులకూ ఒకే సైజు సరిపడాలని నియమం లేదు. నాకు ఎడమకు మధ్యది, కుడికి పెద్దది. పెట్టుకునేటప్పుడు అవతలి చేతిని తల మీదుగా తెచ్చి, చెవిని కొద్దిగా పైకీ వెనక్కీ లాగి పెట్టుకుంటే సులువుగా కూర్చుంటుంది. బలవంతంగా లోపలికి నెట్టకూడదు. అరగంటకే నొప్పి పుడితే అది ఎంత బాగా పాడినా మీకు తగినది కాదు.

కుర్రవాడికి కుడి పక్క మూడు సైజులూ మార్చాం. "మ్‌" అంటే కుడి పక్క బ్రహ్మాండంగా మోగుతున్నది, ఎడమ పక్క కంటె ఎక్కువగానే మోగుతున్నదట. కాని పాట పెడితే మళ్ళీ కుడి పక్క మెల్లిగానే ఉన్నది. నాకు ఎక్కడో చిన్న అనుమానం తగిలింది. అయినా పైకి అనకుండా మూడో జతను తీసుకున్నాను. వైరు బాగున్నది. జల్లెడ శుభ్రంగా ఉన్నది. మనవరాలు విని, "రెండు పక్కలా ఒకటే తాతయ్యా, పాట సరిగ్గా నెత్తి మధ్యన వినిపిస్తున్నది," అన్నది. కుర్రవాడు విని, "లేదు, ఎడమ పక్కకు లాగుతున్నది," అన్నాడు. ఇద్దరూ వాదులాడుకున్నారు.

"ఉండండర్రా," అని, ఎడమ గుర్తు ఉన్న బుడిపెను వాడి కుడి చెవిలోనూ, కుడి గుర్తు ఉన్నదాన్ని ఎడమ చెవిలోనూ పెట్టించాను. "ఇప్పుడు ఏ పక్క మెల్లిగా ఉన్నది?"

వాడు కాసేపు విన్నాడు. తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. "కుడి పక్కే మాష్టారూ," అన్నాడు.

బుడిపెలో లోపం ఉంటే, బుడిపెతోపాటు ఆ లోపమూ ఎడమ పక్కకు వెళ్ళాలి. వెళ్ళలేదు, చెవి దగ్గరే ఉండిపోయింది. వాడు తెలివైనవాడు, ఎవరూ చెప్పకుండానే సంగతి గ్రహించాడు. మొహం తెల్లబోయింది. "అయితే నాకు చెవుడా మాష్టారూ?" అన్నాడు.

ఈ పరీక్షకు అర నిమిషం పట్టింది. దాన్ని చిట్టచివర చేశాను చూడండి, అది నా పొరపాటు. మొట్టమొదట చేసి ఉంటే ఆ పిల్లవాడు ఏడాదిపాటు పడిన చీవాట్లకు గంట ముందుగానే అర్థం తెలిసేది.

ఇక్కడ తల్లిదండ్రులకూ, ఉపాధ్యాయులకూ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులలో, మూడో వరసలో గోడ పక్కన కూర్చునే పిల్లవాడొకడు ఉండేవాడు. ఏది అడిగినా వేరే జవాబు చెప్పేవాడు. ఒక్కొక్కసారి పిలిచినా పలికేవాడు కాదు. పరధ్యానం అనుకున్నాను, పొగరు అని కూడా అనుకున్నాను. చాలాసార్లు బెంచీ ఎక్కించాను. ఏడాది చివర వాడి తల్లి వచ్చి, చిన్నప్పుడు చీము కారి వాడికి ఒక చెవి వినిపించదని చెప్పింది. వినిపించే చెవిని గోడ వైపు పెట్టి కూర్చోబెట్టినవాణ్ణి నేనే. మర్నాడు వాణ్ణి ముందు వరసలోకి, అవతలి పక్కకు మార్చాను. ఆ తరవాత వాడు ప్రశ్నకు తగిన జవాబే చెప్పాడు. కాని ఆ ఏడాదిని వాడికి తిరిగి ఇవ్వలేకపోయాను. ఒక చెవి బాగుంటే చాలు, పిల్లలు మామూలుగా మాట్లాడతారు, ఆడుకుంటారు. రెండో చెవి సంగతి వాళ్ళకే తెలియదు, ఇక మనకేం తెలుస్తుంది?

ఆ సాయంత్రమే కుర్రవాడి ఇంటికి వెళ్ళి తండ్రికి చెప్పాను. ఆయన మొదట నమ్మలేదు. అదే పరీక్ష ఆయన ఎదుట మళ్ళీ చేయించాను. కుర్రవాడి వెనక నిలబడి, ఒక్కొక్క చెవి పక్కన వేళ్ళు రాపాడిస్తే ఎడమ పక్క చెప్పాడు, కుడి పక్క చెప్పలేదు. రెండు రోజుల తరవాత చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళారు. కుడి చెవి రంధ్రంలో గులిమి గట్టిపడి బిరడా లాగా బిగుసుకుని ఉన్నదట. మెత్తబడడానికి చుక్కల మందు ఇచ్చి, వారం తరవాత రమ్మని, అప్పుడు తీశారు. వాడు చెవి దురదకు అగ్గిపుల్లతోనూ, దూది పుల్లతోనూ తిప్పుకునేవాడు. అలా తిప్పినా, బుడిపెను బలంగా నెట్టినా గులిమి బయటికి రాదు, ఇంకా లోపలికి పోతుంది. మామూలుగా చెవి తన గులిమిని తనే మెల్లమెల్లగా బయటికి తోసుకుంటుంది. మనం చెయ్యవలసిన పని ఏమీ లేదు.

డాక్టరు ఇంకొక సంగతి అడిగారట: "సౌండు ఎంత పెట్టి వినేవాడివి?" అని. కుడి పక్క వినిపించడానికని వాడు ఏడాదిగా సౌండు పెంచుతూ వచ్చాడు. ఆ పెంచినదంతా భరించినది పాపం, బాగున్న ఎడమ చెవి! కర్ణభేరికి లోపల, నత్తగుల్ల ఆకారంలో కోక్లియా అనే భాగం ఉన్నది. ధ్వనిని పట్టి మెదడుకు అందించే రోమ కణాలు అందులో, ఒక్కొక్క చెవికి సుమారు 15,000 ఉంటాయి. పెద్ద ధ్వనికి అవి వంగి, అలిసి, చివరకు చచ్చిపోతాయి. పక్షులకు అవి మళ్ళీ మొలుస్తాయి; మనకు మొలవవు. పిల్లలు వారానికి 40 గంటలు వినాలంటే ధ్వని 75 డెసిబెల్స్ దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ గంటలు సగమవుతాయి. 78కి 20 గంటలు, 81కి 10, 84కి 5. మన దగ్గర కొలిచే పరికరం ఉండదు గనక ఇలా చూడండి: పాట వింటుండగా, చేయి చాచినంత దూరంలో ఉన్న మనిషి మామూలుగా మాట్లాడితే అసలు వినిపించకపోతే సౌండు ఎక్కువైనట్టే. తీసిన తరవాత చెవులలో గుయ్ మంటే మరీ ఎక్కువైనట్టు. తొడుగు సరిగ్గా కూర్చుంటే బయటి రొద తగ్గి, తక్కువ సౌండుకే మాటలు తెలుస్తాయి. కొలత చూసుకోమని అన్నిసార్లు చెప్పడం అందుకే. అయితే అదే కారణాన వీధిలో నడిచేటప్పుడూ, రైలు గేటు దాటేటప్పుడూ వాటిని జేబులోనే ఉంచాలి.

కుర్రవాడి చెవి బాగైన తరవాత మిగిలిన తగువును కూడా తీర్చాం: 250దీ, 450దీ, ఈ రెండింటిలో ఏది మేలు? కొట్టులో వినిపించే ధనధనమనే పాట పనికిరాదు. దానికి ఏదైనా బాగానే ఉంటుంది. మనం ఎదురుగా కూర్చుని విన్న ధ్వని కావాలి. అందుకని మా ఇంటావిడను పిలిచి "శంఖం, సంకెల, షడ్జమం, ఖడ్గం, కడవ" అని చదవమని ఫోనులో పట్టాం. శ, స, ష లు మూడూ వేరువేరుగా తెలిస్తే సన్నని ధ్వనులు బాగా పలుకుతున్నట్టు. స అన్నప్పుడల్లా చెవిలో గుచ్చినట్టుంటే అవి మితిమీరినట్టు. (మా జిల్లా వాళ్ళం శ, స లు సరిగ్గా పలకమని ఇతర జిల్లాల వారు అంటారు. అందుకనే చదివే పని నేను తీసుకోలేదు.) తరవాత ఒక కచేరీ రికార్డు పెట్టాం. మృదంగం రెండు మూతలూ విడివిడిగా తెలియాలి. తంబురా వెనక నిలబడి ఉండాలి, పాడేవాళ్ళ మీద పడరాదు.

ఇందులో ఒక మోసం ఉన్నది. రెండింటిలో ఏది కాస్త గట్టిగా పలికితే అదే మంచిదని మన చెవి చెబుతుంది. కనుక ముందుగా ఒకే వాక్యం వింటూ రెండింటి సౌండునూ సమానం చేసుకుని, ఆ తరవాత పోల్చాలి. పెట్టుకునేవాళ్ళు కళ్ళు మూసుకోవాలి. ఏది ఏ జతో ఇంకొకరు అందించాలి. అలా చేస్తే కుర్రవాడూ, మనవరాలూ ఇద్దరూ 250 రూపాయల జతనే మెచ్చుకున్నారు. 450 రూపాయల దానిలో లావు ధ్వని ఎక్కువై మాటల మీద దుప్పటి కప్పినట్టున్నదట. పాఠాలు వినేవాడికి మాటే ముఖ్యం గదా! అయితే 450 దాని వైరు మెడలు రెండోదాని కంటె గట్టివి. అందుకని దాన్ని వాడి తండ్రి పుచ్చుకున్నాడు. ఆయన బస్సులో వెళుతూ పాటలు వింటాడు. తెగిన 99 రూపాయల జతను మనవరాలు విప్పి, అయస్కాంతం తీసుకుని గుండుసూదుల డబ్బాలో వేసుకున్నది.

మర్నాడు కుర్రవాణ్ణి వెంటపెట్టుకుని ఫోన్ల కొట్టుకు వెళ్ళాను. వాడు ఆయనతో, "మీ సరుకులో తప్పు లేదండీ. ఒక్క మొదటిదే వైరు తెగింది, అదీ నేను చుట్టి తెంపాను," అన్నాడు. కొట్టాయన నవ్వి, వాడి చేతిలో తొడుగుల పొట్లం ఒకటి పెట్టాడు. డబ్బు పుచ్చుకోలేదు.

ఇంటికి వచ్చేసరికి మనవరాలు ఫోను పట్టుకుని సిద్ధంగా ఉన్నది. అందులో సన్నని ధ్వనిని క్రమంగా పెంచుకుంటూ పోయే సాధనం ఏదో ఉన్నదట. "తాతయ్యా, అందరినీ పరీక్షించావు, మరి నువ్వో?" అన్నది. సరేనని ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను. 8,000 దాకా వినిపించింది. 10,000 దగ్గర ఆగిపోయింది. "ఏదీ, పెట్టలేదేం?" అన్నాను. పిల్లలిద్దరూ చెవులు మూసుకుని నవ్వుతున్నారు. బుడిపెల్లోంచి బయటికి వస్తున్న కూత వాళ్ళకు దూరానికే వినిపిస్తున్నదట! వయసు మీరితే సన్నని ధ్వనులే మొదట పోతాయి, అది నాకు తెలిసినదే. కాని మనవరాలు అంతటితో వదలలేదు. బుడిపెలు మార్చి పెట్టుకోమన్నది. మార్చాను. 8,000 దగ్గర ఎడమ పక్క మెల్లిగా ఉన్నది. మార్చక ముందూ ఎడమ పక్కే మెల్లిగా ఉన్నది.

ఆదివారం నాడు నేనూ ఆ డాక్టరు దగ్గరికే వెళుతున్నాను. తోడు వస్తానని కుర్రవాడు అన్నాడు.